రెండు లక్షల జీబీ

2024 ఫిబ్రవరి 24, శనివారం

మా ఎడిటర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచీ ఒకటే వార్త తిరుగుతోంది. చైనావాళ్లు డీవీడీ సైజు డిస్కులో 1.6 పెటాబైట్లు పట్టించారట. "హార్డ్ డిస్కుల పీడ వదిలింది" అని ఒకడు, "ఇన్నేళ్ల పెళ్లిళ్లూ ఒక్క ముక్కలో" అని ఇంకొకడు. నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం సారాంశం తీసి చూశాను. అక్కడున్నవి పెటాబైట్లు కావు, పెటాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 200 టెరాబైట్లు, అంటే రెండు లక్షల జీబీ. ఆ మాటే గ్రూపులో పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిదో వంతుకు దిగినా అది వార్తేగా మరి.

మామూలు డీవీడీలో 4.7 జీబీ. అవి నలభై రెండు వేల పైచిలుకు పేరిస్తే ఆ ఒక్క డిస్కు. మూడు కెమెరాలు, ఒక డ్రోను పెట్టి 4కేలో తీసిన పెళ్లి మాకు ఒక టీబీకి అటూ ఇటూగా వస్తోంది. అంటే రెండు వందల పెళ్లిళ్లు ఒకే డిస్కులో, ప్రధానం దగ్గర్నుంచి అప్పగింతల దాకా.

ఫిబ్రవరి 25

బీఎస్సీ ఫిజిక్సు చదివి పెళ్లి వీడియోల్లో పడ్డవాణ్ణి. ఆ చదువు ఇలాంటి ఆదివారాలకే పనికొస్తుంది.

డిస్కు చరిత్రంతా లేజరు చుక్క సైజు కథే. 1982లో సీడీ వచ్చినప్పుడు లేజరు 780 నానోమీటర్ల పరారుణం. 1996లో డీవీడీతో 650 ఎరుపు. 2006లో బ్లూ-రేతో 405. పేరుకు బ్లూ గానీ కంటికి కనబడేది ఊదా. రంగు మారినప్పుడల్లా లెన్సు కూడా పదునెక్కింది: 0.45, 0.6, 0.85. తరంగదైర్ఘ్యాన్ని లెన్సు అంకెకు రెట్టింపుతో భాగిస్తే చుక్క ఎంత చిన్నదవగలదో తేలుతుంది. సీడీకి సుమారు 870 నానోమీటర్లు, డీవీడీకి 540, బ్లూ-రేకి 240. గాడికీ గాడికీ మధ్య దూరం కూడా అలాగే 1.6 మైక్రాన్ల నుంచి 0.74కూ, అక్కణ్ణుంచి 0.32కూ తగ్గింది. 700 ఎంబీ, 4.7 జీబీ, 25 జీబీ అన్న మెట్లు అలా పుట్టినవే.

లెన్సు పదునెక్కిన కొద్దీ డేటా పొర డిస్కు పైతలానికి దగ్గర కావాలి. సీడీలో పైన 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు ఉంటుంది. బ్లూ-రేలో 0.1 మాత్రమే. గోరు తగిలినా గీత డేటాను చేరుతుందన్న భయంతో మొదట్లో డిస్కును డబ్బీలో పెట్టి అమ్మారు. టీడీకే వాళ్ల గట్టి పూత వచ్చాకే డబ్బీ పోయింది. ఒక తరం డిస్కు అంగట్లో నిలవాలంటే లేజరు ఒక్కటే చాలదు, ఇలాంటి పూతలు పూసేవాళ్లూ కావాలి. వాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు.

పేరొచ్చినవాడు షుజి నకమురా. నిచియా అనే కంపెనీలో పనిచేస్తూ 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేశాడు, ఆ దారిలోనే నీలి లేజరు. దానికి కంపెనీ ఇచ్చిన బహుమానం 20 వేల యెన్లట. మన పెళ్లి కవర్లలో అంతకన్నా మందంగా ఉండేవి చూశాను. చివరికి కోర్టుకెక్కి 2005లో 84 కోట్ల యెన్లకు రాజీపడ్డాడు.

ఊదా దాటితే అతినీలలోహితం. అక్కడ డిస్కు చేసే ప్లాస్టిక్కే కాంతిని మింగేస్తుంది. రంగుల మెట్లు అక్కడితో సరి. ఇక మిగిలింది పొరలు పెంచడం. మూడు పొరలతో 100 జీబీ, నాలుగుతో 128 జీబీ బ్లూ-రేలు వచ్చాయి. పై పొర తన వాటా కాంతి తీసుకున్నాకే కింది పొరకు అందేది. అందుకే బజార్లో నాలుగు దాటి పోలేదు.

మార్చి 2

ఆ 200 టీబీ డిస్కు చేసిన షాంఘైవాళ్ల కిటుకు ఇవాళ అర్థమైంది. అర్థమయ్యాక రాత్రి ముప్పావు గంట ఊరికే కూర్చున్నాను.

చుక్కను ఇంతకన్నా చిన్నది చేయలేమని 1873లో ఎర్నెస్ట్ అబ్బే సూత్రం కట్టాడు. జర్మనీలోని యేనాలో ఆయన స్మారకం మీద ఆ సూత్రాన్నే చెక్కారు. రాతి మీద చెక్కిన ఆ హద్దును 1994లో స్టెఫాన్ హెల్ అనే ఆయన పక్కదారిన దాటవచ్చన్నాడు. చుక్కను చిన్నది చేయక్కర్లేదు, దాని అంచుల్ని రెండో లేజరుతో చంపేస్తే చాలు. నుదుటి మీద చెదిరిన కుంకుమను తడిగుడ్డతో చుట్టూ తుడిస్తే నడుమ సన్నటి బొట్టు మిగులుతుందే, అదీ వరస. రెండో లేజరు పుంజం నడుమ చీకటిగా, చుట్టూ ఉంగరంలా ఉంటుంది.

షాంఘైలో 515 నానోమీటర్ల పచ్చ లేజరు ఫెమ్టోసెకండ్ల మెరుపులతో రాస్తుంది, 639 ఎరుపు ఉంగరం అంచుల్లో రాతను ఆపేస్తుంది. చదవడానికి ఇంకో జంట, 480 ఒకటీ 592 ఒకటీ. చుక్క 54 నానోమీటర్లకు దిగింది. బ్లూ-రే చుక్కలో నాలుగో వంతు కూడా కాదు. గాళ్ల మధ్య 70 నానోమీటర్లు, పొరల మధ్య ఒక మైక్రాను, అలాంటి పొరలు వంద.

వంద పొరలకు కాంతి ఎలా అందుతుందన్న నా సందేహానికి జవాబు రంగులో ఉంది. మామూలుగా మెరిసే రంగు అణువులు గుమిగూడితే మసకబారతాయి. గుమిగూడితేనే మెరిసే జాతి ఒకటుందని 2001లో హాంకాంగ్‌లో బెన్ జాంగ్ టాంగ్ బృందం చూపించింది. ఆ రంగును పారదర్శకమైన జిగురులో కలిపి పొర పోశారు. రాయని చోట కాంతి దాటిపోతుంది, రాసిన చోట మెరుపు తిరిగి వస్తుంది. అద్దంలా వెనక్కి కొట్టే పాత పద్ధతి ఇక్కడ లేదు.

ఇంకొకటి. నకమురాకు భౌతికశాస్త్రంలో, హెల్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఒకే ఏడాది, 2014లో. రంగుల దారిలో ఆఖరి మెట్టు కట్టినవాడికీ, దాని పక్కనుంచి పక్కదారి తీసినవాడికీ ఒకే సభలో పతకాలు.

మార్చి 3

ఆ డిస్కును తిప్పే పెట్టె ఇంకా లేదు. ఉన్నది ల్యాబు బల్ల, దాని మీద నాలుగు రంగుల లేజర్లు. గ్రూపులో మాత్రం "ధరెంత?" అని అడుగుతున్నారు.

మే 12

రేపు పోలింగు. కుర్రాళ్లంతా ఊళ్లకెళ్లారు. పైగా మూఢం. ఈ ఏడు మే, జూన్ రెండు నెలలూ ముహూర్తాల్లేవు. బీరువా దులుపుదామని కూర్చున్నాను.

పై అరలో ఎస్‌వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, దాని కింద మినీడీవీలు, నడుమ రెండు అరల్లో డీవీడీలు. అడుగున హార్డ్ డిస్కులు, అట్టపెట్టెల మీద మార్కరుతో పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, తిథి. తిథి ఎందుకు రాశారో, ఏ కుర్రాడు రాశాడో తెలియదు. సంవత్సరం రాయలేదు.

మే 14

2006లో పెళ్లయినవాళ్లు ఫోను చేశారు. వాళ్లింట్లో డీవీడీ చదవడం లేదట, "మీ దగ్గర మాస్టరు ఉంటుందిగా అన్నా" అన్నారు. ఉంది. అదీ చదవడం లేదు. మొదటి ఇరవై నిమిషాలు ఆడి జీలకర్ర బెల్లం దగ్గర బిగుసుకుపోతోంది. రెండు డ్రైవులు మార్చి చూసినా అంతే.

అచ్చు వేసిన సినిమా డీవీడీలో గుంటలు ప్లాస్టిక్కులోనే ఉంటాయి. మనం రైట్ చేసే డిస్కులో గుంటలుండవు. సేంద్రియ రంగు పొర ఉంటుంది, లేజరు దాన్ని అక్కడక్కడ కాలుస్తుంది. ఎండకూ వేడికీ ఆ రంగు నెమ్మదిగా మారిపోతుంది. మా షాపు మేడ మీద రేకుల కింద. ఆ పొర చేసినవాళ్లు హైదరాబాదు మే నెలను లెక్కలో వేసుకున్నారో లేదో.

రంగుకు బదులు రాయిలాంటి పొర వేసి, వెయ్యేళ్లన్న పేరుతో ఎమ్-డిస్క్ అని అమెరికాలో యూటావాళ్లు తీశారు. డిస్కు నిలిచింది గానీ దాన్ని మొదలుపెట్టిన కంపెనీ 2016లో దివాలా తీసింది.

మే 19

అదే బీరువాలో మోజర్ బేర్ వీసీడీలు దొరికాయి, తెలుగు సినిమాలవి. 2007 ప్రాంతంలో సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కు ఇచ్చిన కంపెనీ. ఫుట్‌పాత్ మీద పైరసీ సీడీ అమ్మేవాడే తలపట్టుకున్న ధర అది. నోయిడాలో కూర్చుని ప్రపంచంలో ఖాళీ డిస్కులు చేసేవాళ్లలో ముందు వరసకు చేరారు. 2018లో కంపెనీ లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. సౌర ఫలకాల్లోకీ దిగారు, అదీ కలిసిరాలేదు. డిస్కు అనేది కోట్లలో అమ్మితేనే రూపాయి మిగిలే సరుకు. జనం పెన్ డ్రైవుకూ యూట్యూబుకూ మారిన రోజున ఆ కోట్లు ఆగిపోయాయి.

షాంఘై డిస్కును ఎవరు కోట్లలో కొంటారు? పెళ్లివారు కొనరు. డేటా సెంటర్లు కొనాలి. వాళ్లు బ్లూ-రేని ఒకసారి రుచి చూశారు. 2014లో ఫేస్‌బుక్ పదివేల బ్లూ-రే డిస్కుల బీరువా చూపించింది, మొత్తం ఒక పెటాబైటు. డిస్కు తీసి డ్రైవులో పెట్టడానికి యంత్రపు చెయ్యి. ఎవరూ తెరిచి చూడని పాత ఫోటోల కోసమట. హార్డ్ డిస్కుల కన్నా ఖర్చు సగం, కరెంటు ఐదో వంతు అన్నారు.

జులై 6

జపాన్‌లో తగాజో అనే ఊళ్లోని సోనీ ప్లాంటులో 250 మందిని తగ్గిస్తున్నారు. మనం రైట్ చేసుకునే డిస్కులకు గిరాకీ పడిపోయిందని కారణం. ఆ ఊరి పేరు మా పనివాళ్లకు 2011లోనే తెలిసింది. సునామీ నీళ్లు ఆ ప్లాంటులోకి వచ్చినప్పుడు ప్రపంచమంతటా టీవీ వాళ్లకు హెచ్‌డీక్యామ్-ఎస్‌ఆర్ టేపులు దొరక్కుండా పోయాయి. టేపు లేక ఫైళ్లలోకి మారినవాళ్లు మళ్లీ వెనక్కి రాలేదు. ఒక్క ప్లాంటు తడిస్తే ఒక పద్ధతే పోయిందన్నమాట.

అదే సోనీ పానసోనిక్‌తో కలిసి 2014లో ఆర్కైవల్ డిస్క్ ప్రకటించింది. మొదట 300 జీబీ, తర్వాత 500, ఆపైన ఒక టీబీ అని దారి గీశారు. 500 దాకా వచ్చింది.

సెప్టెంబరు 21

ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మానవ జీనోమ్ మొత్తం నాణెమంత గాజుబిళ్లలో రాసి, ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ ఉప్పు గనిలోని భాండాగారంలో పెట్టారని వార్త. పీటర్ కజాన్‌స్కీ బృందం. ఈయన పని నేను చాలాకాలంగా చూస్తున్నాను. క్వార్ట్జ్ గాజు లోపల ఫెమ్టోసెకండ్ లేజరుతో అతి చిన్న చారలు చేస్తారు. చార ఎక్కడుందో చెప్పడానికి మూడు కొలతలు. అది ఏ దిక్కుకు తిరిగి ఉంది, కాంతిని ఎంత మెలిపెడుతోంది అన్నవి మరో రెండు. అందుకే ఐదు కొలతల నిల్వ అంటారు. 2013లో 300 కేబీల చిన్న ఫైలుతో మొదలుపెట్టి, 2016కల్లా న్యూటన్ ఆప్టిక్స్‌నూ మాగ్నా కార్టానూ బిళ్లల్లో దించారు. 190 డిగ్రీల వేడిలో కూడా 1380 కోట్ల ఏళ్లు ఉంటుందని లెక్క చెప్పారు. విశ్వం వయసు అంత. మా రేకుల కప్పును తలుచుకున్నాను.

సీడీ అంత గాజులో 500 టీబీ పడుతుందని 2021 నాటి వ్యాసం. అందులోనే రాత వేగం కూడా ఉంది, సెకనుకు 230 కేబీ. కాగితం తీసి గుణించాను. ఒక్క లేజరుతో ఆ వేగాన డిస్కు నిండడానికి అరవై తొమ్మిదేళ్లు. ఒక పెళ్లి, ఒక టీబీ అనుకుంటే యాభై రోజులు. పదహారు రోజుల పండగ మూడుసార్లు చేసుకున్నా ఇంకా రాత సాగుతూనే ఉంటుంది. పుంజాలు పెంచి పక్కపక్కన రాస్తే డిస్కంతా 60 రోజుల్లో నిండుతుందని వాళ్లే అన్నారు. పుంజాలు పెంచాలి మరి.

ఇలాంటి వార్తల్లో టీబీ అంకె శీర్షికలో ఉంటుంది, ఎంబీ అంకె ఎనిమిదో పేరాలో. నేను ఇప్పుడు ఎనిమిదో పేరా నుంచే మొదలుపెడుతున్నాను.

అక్టోబరు 5

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాను, బ్లూ-రే రైటరు కోసం. ఒకప్పుడు డీవీడీ రైటర్లు గుట్టలుగా పోసి అమ్మిన కాంప్లెక్సు. ఇప్పుడంతా ల్యాప్‌టాప్ స్క్రీన్లూ సీసీ కెమెరాలూ.

"బ్లూ-రే రైటరా అన్నా? గిప్పుడెవరు తీస్కుంటున్రు?"

"దొరకదంటావా?"

"ఆర్డర్ పెడ్తె తెప్పిస్త. వాపస్ మాత్రం తీస్కోను. అయినా ఏం జేస్తవ్ అన్నా దాంతోని?"

వంద జీబీ డిస్కు మీద రాసి దాచుకుంటానన్నాను. అతను నవ్వి ఎస్‌ఎస్‌డీ చూపించాడు. కరెంటు తగలకుండా ఏళ్లు పడేస్తే అందులో డేటా కారిపోతుందంటే, "అన్నేండ్లు ఎవరుంచుతరన్నా!" అన్నాడు. అతని బేరం అతనిది. తీసుకోలేదు. టీ తాగి వచ్చేశాను.

రైటరు కొన్నా కొనకపోయినా ఒక మాట ఒప్పుకోవాలి. బ్లూ-రే డ్రైవు డీవీడీ చదువుతుంది, చాలావరకు సీడీ కూడా. 1982 నాటి డిస్కు నలభై ఏళ్ల తర్వాత కొన్న పెట్టెలో ఆడుతుంది. అదే 12 సెంటీమీటర్లు, నడుమ అదే చిల్లు. డేటా సెంటర్లు మోసే ఎల్‌టీఓ టేపుల్లో ఆ మర్యాద లేదు. తొమ్మిదో తరం డ్రైవులో ఎనిమిదో తరం టేపు పడుతుంది, ఏడోది పడదు. టేపు ముప్పై ఏళ్లుంటుందంటారు. దాన్ని ఆడించే డ్రైవు ముప్పై ఏళ్ల తర్వాత ఎవరింట్లో ఉంటుంది? ఏ కొత్త డిస్కు వార్త చదివినా నా ప్రశ్న అదే. షాంఘైది కూడా 12 సెంటీమీటర్లే, కానీ పాత డ్రైవుకు దాంట్లో ఒక్క అక్షరం కనబడదు.

నవంబరు 10

హోలోగ్రామ్ డిస్కు గుర్తుందా అని గ్రూపులో అడిగాను. ఒక్కరికీ లేదు. బెల్ ల్యాబ్స్ నుంచి 2000లో విడివడ్డ ఇన్‌ఫేజ్ అనే కంపెనీ, కొలరాడోలో. చుక్కలు ఒక్కొక్కటిగా కాకుండా పేజీకి పేజీ ఒకేసారి, అదీ ఒకే చోట కోణం మార్చి మార్చి రాయడం వాళ్ల పద్ధతి. కాగితం మీద అంతకన్నా అందమైనది నాకు కనబడలేదు. 300 జీబీ డిస్కు, డ్రైవు, ఇదిగో అదిగో అంటూ ఏళ్లు గడిపారు. అప్పటికి బజార్లో హార్డ్ డిస్కులు దాన్ని దాటేశాయి. కంపెనీ మూతపడ్డాక అక్కడివాళ్లే అకోనియా అని మరొకటి పెట్టారు. నిల్వ వదిలేసి కళ్లజోళ్లలో బొమ్మ చూపించే అద్దాల వైపు మళ్లారు. 2018లో ఆపిల్ కొనేసింది. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 2009లో 500 జీబీ హోలోగ్రామ్ డిస్కు అన్నారు. అదీ షాపుకు రాలేదు.

2025 జనవరి 24, శుక్రవారం

సోనీ నిన్న ప్రకటించింది. వచ్చే నెలతో రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ బంద్. వాటితోపాటు మినీడిస్కులు, మినీడీవీ క్యాసెట్లు. వాటి స్థానంలో కొత్త మోడల్ ఏదీ రాదని కూడా రాశారు. పానసోనిక్ 2023లోనే ఆపేసింది. సినిమాల అచ్చు డిస్కులు వేరే సంగతి, అవి వస్తూనే ఉంటాయి.

బ్లూ-రే సంగతి నాకు పెద్దగా పట్టలేదు. మినీడీవీ మాత్రం మనసులో ఎక్కడో తగిలింది. రెండు గంటల ముహూర్తానికి మూడు క్యాసెట్లు, మాంగల్యధారణ టైముకు టేపు అయిపోకుండా ముందే మార్చడం, పురోహితుడికి సైగ చేయడం. ఆ తొందర తెలిసిన కుర్రాడు ఇవాళ మా షాపులో ఒక్కడూ లేడు.

ఫిబ్రవరి 6

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైన రోజు. హెచ్.ఎం. రెడ్డి, 1932. దాని ప్రింటు మిగల్లేదు.

ఇదే రోజు వెతుక్కుని చదివింది: మైక్రోసాఫ్ట్ వాళ్లు 2019లో వార్నర్ బ్రదర్స్ కోసం 1978 నాటి 'సూపర్‌మ్యాన్' సినిమా మొత్తాన్ని గాజుబిళ్లలో రాశారు. 75 మిల్లీమీటర్ల చదరం, 2 మిల్లీమీటర్ల మందం, 75.6 జీబీ. ప్రాజెక్ట్ సిలికా అని పేరు. పద్ధతి సౌతాంప్టన్ దగ్గరి చుట్టమే. ఆ బిళ్లను ఉడకబెట్టారు, ఓవెన్లో కాల్చారు, మైక్రోవేవ్‌లో పెట్టారు, స్టీలు పీచుతో తోమారు. చదవగలిగారు. సూపర్‌మ్యాన్‌నే ఎందుకు ఎంచారంటే, 1940ల నాటి సూపర్‌మ్యాన్ రేడియో నాటకం వార్నర్ వాళ్లకు నల్లటి గాజు పళ్లేల మీద దొరికింది. గాజు అప్పటికే వాళ్ల కథను ఒకసారి కాపాడింది.

వీళ్ల వ్యవహారంలో నాకు నచ్చింది గాజు కాదు. డిస్కునూ డ్రైవునూ విడిగా చూడకుండా మొత్తం గ్రంథాలయాన్నే గీస్తున్నారు. అరల్లో కరెంటు ఉండదు, చిన్న రోబోలు అరలు ఎక్కి దిగుతూ బిళ్ల తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెడతాయి, చారల్ని కంప్యూటరు నేర్చుకుని చదువుతుంది. 2023కల్లా ఒక పలకకు 7 టీబీ అన్నారు. షాంఘై అంకె ముందు ఏడు ఎంత? అయినా పందెం కాయమంటే ఈ ఏడు మీదే కాస్తాను. వాడుకునేవాడు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి, వాళ్ల క్లౌడు వాళ్లదే. మా షాపుకు అది వస్తుందా అంటే రాదు. ఆ గాజు మన చేతికి అందే వస్తువు కాదు, నెలకింత అని మనం కట్టే బిల్లు.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక రేటు కార్డు తిరగరాశాను. ఎల్‌టీఓ డ్రైవు ధర మళ్లీ కనుక్కున్నాను, లక్షల్లో ఉంది. వదిలేశాను. కార్డు అడుగున కొత్త లైను చేర్చాను: 'రా ఫుటేజ్ మా దగ్గర ఒక ఏడాది మాత్రమే. ఆపైన కావాలంటే రెండు హార్డ్ డిస్కులు మీవి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి మా దగ్గర. ఐదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చే ఖర్చు అదనం.'

సాయంత్రం నల్గొండ నుంచి ఒక పార్టీ వచ్చింది, వైశాఖంలో పెళ్లి. అమ్మాయి తండ్రి కార్డంతా చదివి ఆ లైను దగ్గర ఆగాడు.

"ఈ ఐదేండ్ల కర్చు మాదా, మొగపెండ్లోల్లదా?"

ఎవరు కట్టినా సరేనన్నాను. అటువైపు వాళ్లతో మాట్లాడి చెప్తామని అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు.